షెల్టర్లో హాకీ

గాలికి తలుపు బిగించి, ఊరంతా తుపాను షెల్టర్లో ఇరుక్కున్నాం. వేటకు పోయిన బోటొకటి ఇంకా రాలేదు.

స్కూల్లో హాకీ నేర్పే దుర్గక్క బెంచీలు అడ్డంగా పడుకోబెట్టి, సన్నటి స్టిక్కులిచ్చి మా చేత ఇండోర్ ఆట ఆడిస్తోంది.

కసికొద్దీ బంతిని కొట్టినాను. బెంచీకి తగిలి ధడేల్మనింది.

“ఫౌల్! ఇండోర్‌లో కొట్టకూడదు, పెంచల్. బంతిని నేలమీదే నెట్టాల.”

“బోటు రాకముందే తలుపు గడియేసిన ఆఫీసర్లకు లేని రూలు మాకెందుకక్కా? రూలంటే ఎప్పుడూ ఇరుక్కున్నోళ్లకేనా?” మళ్లీ కొట్టినాను.

అక్క ఉరికిపోయి గడియ తీసింది. బయట గాలీ వానా తప్ప ఎవరూ లేరు.

తడిసిన మొహంతో నా దగ్గరికొచ్చింది. “నీకు దండం పెడతా, నెట్టరా అబ్బయా. నువ్వు కొట్టినప్పుడల్లా మా నాయనొచ్చి తలుపు బాదినట్టుంది.”