నాలుగో గుట్ట బొగ్గు

మూడోసారి పరీక్ష చేసినా అదే ఫలితం. ఆరు గుట్టల్లో ఐదింట్లో దాదాపు అంతా రాయే. నాలుగో గుట్టలో మాత్రం సగానికి సగం మేలిరకం బొగ్గు.

నలేది తల పట్టుకుంది. దక్షిణాఫ్రికాలోని ఇమలాహ్లేనిలో ఎప్పుడో మూతబడ్డ గని అది. దాని చెత్తగుట్టల్ని తవ్వి, కడిగి, పనికొచ్చే బొగ్గు తీసే కంపెనీలో ఇంజనీరుగా ఆమెకిదే మొదటి ఉద్యోగం.

"అంత మంచి బొగ్గు చెత్తలో ఎవడు పారేస్తాడమ్మా? నమూనాలు నువ్వే కలగలిపేసి ఉంటావు" అన్నాడు మేనేజరు. "శుక్రవారంలోగా కారణం చెప్పు. చెప్పలేకపోతే సామాను సర్దుకో."

గేటు దగ్గర మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మే స్కొసానా తాత పూర్వం ఆ గనిలోనే చేశాడని ఎవరో చెప్పారు. నలేది వెళ్లి ఆయన పక్కన బోర్లించిన డబ్బా మీద కూలబడింది.

"తాతా, గనిలో మీ పనేంటి?"

"బెల్టు దగ్గర నిలబడి ఏరడం. బొగ్గు రైలుకి, రాయి గుట్టకి. పద్దెనిమిదేళ్లు అదే పని."

"ఏ గుట్టకి?"

"నాలుగోదానికి" అన్నాడు పొత్తు తిప్పుతూ.

నలేదికి ప్రాణం లేచొచ్చింది. "అందులో రాయెంతో బొగ్గూ అంతే ఉంది తాతా. ఏమీ అనుకోకండి, అప్పట్లో మీకు చూపు సరిగ్గా ఆనేది కాదా?"

"మా దొర కూడా అదే అనేవాడు. బొగ్గుకీ రాయికీ తేడా తెలీని గుడ్డోడివిరా అని రోజూ తిట్లే. చివరికి విసుగొచ్చి, పట్నం తీసుకెళ్లి కళ్లద్దాలు కూడా ఇప్పించాడు."

"అప్పుడన్నా బాగుపడిందా?"

"ఎక్కడ తల్లీ. గుట్టకి ఇంకాస్త ఎక్కువ బొగ్గు పోయింది."

నలేది ఫక్కున నవ్వింది. మేనేజరుకి ఈ కారణం చాలు. పుస్తకం తీసి, 'ఏరినవాడికి చూపు మందం' అని సన్నటి అక్షరాలతో రాసుకుంది.

తాత కూర్చున్నచోటి నుంచే అది చదివేశాడు. కాలిన పొత్తుకి ఉప్పూ కారం రాసి ఆమె చేతిలో పెట్టాడు.

"అది కొట్టెయ్ తల్లీ. దొర పోయాడు, గనీ మూతబడింది, ఇప్పుడు చెబితే తప్పేముంది" అన్నాడు. "మేలిరకం చూసి మరీ నేనే గుట్టవైపు తోసేవాణ్ణి, లేకపోతే చలికాలం ఆ గుట్టెక్కి ఏరుకునే మా పేట ఆడవాళ్లు పొయ్యిలో రాళ్లు పెట్టుకుంటారా?"