చాకలి పద్దు

కవరు ఉంది. అందులో ఉత్తరమూ ఉంది. ఉత్తరంతో పాటు ఉండాల్సిన కాగితాలే లేవు.

"గ్రహణం లెక్కలు, రాసినవి రాసినట్టే జతపరిచాను" అని హాల్‌బ్రో దొర 1868లో బందరు నుంచి లండన్‌లోని స్నేహితుడికి రాశాడు. ఆయన నక్షత్రాలు చూసే దొర. నూట పదిహేనేళ్ల తర్వాత ఆయన ఉత్తరాలన్నీ తిరిగి తిరిగి అమెరికాలోని నేపర్‌విల్‌లో ఒక కాలేజీ లైబ్రరీకి చేరాయి. వాటిని సర్దే పని శశికళది. సైన్స్ ఉత్తరాలు నల్లపెట్టెల్లో పెట్టింది. పాలు, బొగ్గు, పనివాళ్ల గొడవలు ఉన్న మామూలు జాబులన్నీ చెక్కపెట్టెలో వేసింది. ఆ పెట్టెలున్న బీరువా తాళం కూడా ఆమె దగ్గరే ఉంటుంది.

అందుకే లైబ్రరీ పెద్ద మిసెస్ హార్ట్లీ ఆమె వంకే చూసింది. శుక్రవారం కాలేజీ కమిటీ తనిఖీకి వస్తోందనీ, ఈలోగా ఆ లెక్కలు దొరక్కపోతే పోలీసులకు చెప్పక తప్పదనీ మెల్లగా అంది.

శశికళ భర్త శ్రీధర్‌ని లేఆఫ్ చేసి నాలుగు నెలలైంది. గ్రీన్‌కార్డ్ కాగితాలు, పిల్లాడి మందులు, అన్నీ ఇప్పుడు ఈ ఉద్యోగాన్నే పట్టుకుని వేలాడుతున్నాయి.

భయం పట్టిన మనిషికి దొంగ దొరకడం ఎంతసేపు?

రీడింగ్ రూమ్‌లో మూడు వారాలుగా ఒక ముసలాయన వచ్చి కూర్చుంటున్నాడు. పేరు ఏసుపాదం. బందరులో మాష్టారుగా చేసి, కూతురింటికి వచ్చాడు. వచ్చినవాళ్లంతా నల్లపెట్టెలు అడిగితే ఈయన చెక్కపెట్టె అడుగుతాడు. భూతద్దం పట్టుకుని, ముక్కు ఆనేంతగా కాగితం మీదకు వంగిపోతాడు. కింద ఏం చేస్తున్నాడో ఎవరికీ కనపడదు. మధ్యమధ్యలో ఏవో కాగితాలు బైబిల్లో దాచుకుంటాడు.

ఆ మధ్యాహ్నం ఆమె పుస్తకాలు సర్దుతున్నట్టు ఆయన వెనక్కి వెళ్లి చూసింది.

ఆయన చేతి కింద ఉన్నది చాకలి పద్దు.

ఆ కాగితాల సంగతి ఆమె ఒక్కతెకే తెలుసు. తెలుగు వచ్చునని ఈ ఉద్యోగం ఇచ్చారు. చేరిన వారంలోనే మిసెస్ హార్ట్లీ ఆ కాగితాలు చూపించి ఇవేమిటని అడిగింది. అన్నీ గొలుసుకట్టు అక్షరాలు, పాత తెలుగు అంకెలు. హైదరాబాద్ కాన్వెంట్‌లో చదివిన శశికళకు ఒక్క వరుస కూడా అర్థం కాలేదు. రాదని చెప్పడానికి నోరు రాలేదు. లాండ్రీ లిస్ట్ అనేసింది. ఆ మాటే అట్ట మీద రాసి చెక్కపెట్టెలో పడేశారు.

"అమ్మా, ఇవి చాకలి పద్దని ఎవరు రాశారు?" అన్నాడు ఏసుపాదం, తల ఎత్తకుండానే.

"నాకు తెలీదండీ."

"పోన్లెండి. మీకిద్దామనే తిరగరాస్తన్నాను. ఇంకొక్క వరుసే ఉంది."

ఈయన నోరు విప్పితే తన బతుకు బయటపడుతుంది. శశికళ మరి ఆలోచించలేదు. నేరుగా మిసెస్ హార్ట్లీ గదిలోకి వెళ్లి, ఆ ముసలాయన బైబిల్లో కాగితాలు పెట్టుకుంటున్నాడని చెప్పింది. చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదని తనకు తానే నచ్చజెప్పుకుంది.

గార్డ్ వచ్చి బైబిల్ దులిపాడు. పెన్సిల్‌తో ఆయన రాసుకున్న కాగితాలు తప్ప ఏమీ రాలలేదు. అయినా, రేపటినుంచి రావద్దన్నారు.

ఆయన లేచాడు. భూతద్దం కోసం బల్లంతా తడిమాడు. అది ఆయన ఎదురుగానే ఉంది. కంగారులో కనపడలేదు కాబోలు అనుకుంది శశికళ. వెళ్తూ వెళ్తూ ఆ పెన్సిల్ కాగితాల అడుగున రెండు ముక్కలు రాసి ఆమె చేతిలో పెట్టాడు.

తేలు కుట్టిన దొంగలా ఆమె వాటిని సొరుగులో పడేసి మూడు రోజులు ముట్టుకోలేదు. గురువారం ఇక ఉండబట్టలేక తీసింది.

ఒకవైపు పాత అంకెలు, ఎదురుగా ఇప్పటి అంకెలు, చిన్నపిల్లలకు రాసినట్టు పెద్దవిగా ఉన్నాయి. సూర్యుడు పూర్తిగా మరుగైన వేళ. మళ్లీ వెలుగు వచ్చిన వేళ. గంటలు, నిమిషాలు, సెకన్లు.

పోయాయనుకున్న గ్రహణం లెక్కలు తన పెట్టెలోనే, తను పెట్టిన పేరుతోనే ఉన్నాయి. వాటిని రేపు కమిటీకి చూపించవచ్చు. ఉద్యోగం నిలబడినట్టే. ఆ మాట తోచగానే, వీటిని ఎవరు చదివారని అడిగితే ఏం చెప్పాలోనని ఆమెకు ఇంకా భయమేసింది.

కాగితం అడుగున ఇలా ఉంది: "ఆఖరి వరుస మీరే చదవండమ్మా. పైన అక్షరాలన్నీ విడదీసి పెట్టాను, వచ్చేస్తుంది."

ఆమె రిజిస్టర్‌లో నంబర్ వెతికి ఫోన్ చేసింది. కూతురు ప్రేమజ్యోతి తీసింది.

"నాన్నగారు నిన్ననే ఇండియా వెళ్లిపోయారండీ. కళ్లు పోతున్నాయి కదా, ఈ సమ్మర్ దాకా కనపడితే గొప్పని డాక్టర్ ముందే చెప్పారు. ఉన్న చూపంతా మీ లైబ్రరీలోనే పెట్టేశారు. దేనికి నాన్నా అంటే, మన పెద్దవాళ్ల సంగతొకటి ఉంది, దొరికాక చెప్తాననేవారు."

శశికళ ఫోన్ పెట్టేసి అసలు కాగితం తీసింది. ఆయన రాసిచ్చిన అక్షరాలు పక్కన పెట్టుకుంది. చూసి రాసినవాడు, అని ముందు తెలిసింది. తర్వాత, బందరు. ఆపైన పేరు.

ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, బడిపిల్లలా కూడబలుక్కుని చదివింది.

ఏ, సు, పా, దం.