గంత ముడి

భద్రాచలం రోడ్డు పక్కన, అడవి అంచునున్న మొక్కల తోటలో సోని వేసవి ఇంటర్న్‌షిప్ చేస్తోంది. చూడ్డానికొచ్చే బడి పిల్లలతో ఆమె ఆడించే ఆట ఒకటుంది. ఒకరు కళ్లకు గంత కట్టుకుంటారు. ఇంకొకరు చెయ్యి పట్టుకుని వాళ్లను ఓ చెట్టు దగ్గరికి తీసుకెళ్తారు. ఏ చెట్టో తడిమి చెప్పాలి. తీసుకెళ్లేవాళ్లు నోరు విప్పకూడదు. చివర్లో గంత ముడి విప్పాల్సిందీ వాళ్లే.

ఆ రోజు పొద్దుగూకుతుంటే పిల్లలు, "మేడం, ఇప్పుడు నీ వంతు" అంటూ ఆమె కళ్లకు తువ్వాలు కట్టారు. ఓ చిన్న చెయ్యి ఆమె వేళ్లు పట్టుకుంది. ఇద్దరూ నడిచారు. పిల్లల గోల వెనకబడింది. ఎక్కడో బస్సు హారన్ మోగింది. తర్వాత ఎండుటాకుల చప్పుడొక్కటే మిగిలింది. అదీ సోని అడుగులదే.

"ఎవర్రా నువ్వు?" అంది.

చిన్న చెయ్యి ఆమెను ఇంకాస్త ముందుకు లాగింది. ఆట బాగానే నేర్చుకున్నారు అనుకుంది.

ఖాళీగా ఉన్న చేతికి బెరడు తగిలింది. ఇప్పచెట్టు. చెప్పబోయేలోపు, తోటపని చేసే ముత్తక్క కేక దూరం నుంచి వినబడింది.

"సోనీ! పిల్లలందరు ఎప్పుడో బస్సెక్కి పోయిండ్రు. నువ్వొక్కదానివే ఆడ నిలవడ్డవేంది బిడ్డా?"

సోనికి భయం వేయలేదు. ఏమీ అనిపించలేదు. అరవాలని గానీ, గంత లాగెయ్యాలని గానీ తోచలేదు. ఒళ్లంతా మొద్దుబారింది, అంతే.

తల వెనక రెండు చేతులు మెల్లగా ముడి విప్పుతున్నాయి.

చిన్న చెయ్యి ఇంకా ఆమె చేతిలోనే ఉంది.