కప్పమ్మకు అప్పగింతలు

రెంటచింతలలో ఎండలు ముదిరాక, మధ్యాహ్నం కరెంటు మనుషులకు ఆపేసి కప్పల తొట్లకు బిగించిన ఏసీలకే ఇస్తున్నారు. కప్పలు చస్తే ఎవరికి పెళ్లి చేసి వాన అడుగుతారు? అందుకే నాంచారమ్మ ఇంటిల్లిపాదీ తొట్టి ఏసీ ముందే పడుకునేది.

ఆ వేసవిలో వాళ్ల కప్పకు పెళ్లయింది. మగపెళ్లివారు తొట్టితో సహా బండెక్కించారు.

"మీవాణ్ణే ఇల్లరికం పంపండి వదినా," అంది నాంచారమ్మ.

"అమ్మో! మేం మాడి చావాలా?" అంది వియ్యపురాలు.

కొడుకూ కోడలూ తొట్టిని పట్టుకుని భోరుమన్నారు. నాంచారమ్మ మాత్రం చాప, దిండు చంకన పెట్టుకుని తొట్టి పక్కనే ఎక్కి కూర్చుంది.

"నువ్వెక్కడికే అమ్మా?"

"పిల్లని ఒంటరిగా పంపుతారంట్రా? ఏడవబాకండి. తొలికాన్పుకి పుట్టింటికేగా తెచ్చుకునేది!"