ఇక కోర్టుకు రావక్కర్లేదు

“ఇక్కడ ఏం జరిగినా తప్పు మీది కాదవ్వా. మా వెబ్‌సైటుదే” అంది నందిత.

తమిళనాడులోని ధర్మపురి కోర్టు వరండాలో నందిత వచ్చేదాకా ఎవరూ ఎవరితోనూ ఈ మాట అని ఉండరు. కంప్యూటరు ముందు కూర్చున్న అక్కమ్మ నోరు తెరుచుకుని చూసింది. పక్కనే ఉన్న ఆమె అన్న తిమ్మప్ప, ఎందుకైనా మంచిదని, వెనక వకీలెవరైనా నిలబడ్డాడేమోనని తిరిగి చూసుకున్నాడు.

నందిత బెంగళూరు కంపెనీలో పనిచేసే తెలుగు పిల్ల, అరవం అంతంతమాత్రం. కోర్టు కోసం కంపెనీ ఒక వెబ్‌సైటు తయారుచేసింది. వాయిదాల కోసం వచ్చే జనం చేత దాన్ని వాడించి చూడాలి. ఎవరి సాయమూ లేకుండా వాళ్ళు తమ వాయిదా తేదీ కనుక్కుంటే ఆమె ఉద్యోగం ఖాయం. కనుక్కోలేకపోతే, ఏసీ గదిలో కూర్చుని రంగులు ఎంపిక చేసిన ముఖేశ్ సారు, తప్పు నందితదే అని తేల్చేస్తాడు.

ఈ ఇద్దరూ దొరికేదాకా పొద్దుటి నుంచి పరీక్ష దివ్యంగా సాగింది మరి. ఒకాయన మౌస్‌ను ఎత్తి తెరకు ఆనించాడు. ఇంకొకాయన అరవంలో “చాలా బాగుంది” అన్నాడు. ఏది బాగుందంటే “మీరేది చెప్తే అది” అని, టీ తాగి వెళ్ళిపోయాడు. మూడో ఆయన తన వకీలు మీద ఉన్న కోపమంతా చెప్పి, కంప్యూటర్లో ఎక్కించమని కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే వరండా చివర తెలుగు వినబడింది.

“ఇంకొంచెం తిను అన్నా, అనపగింజల చారు. మాత్ర ఏసుకుంటివా?”

“ఏసుకున్నా లేమ్మీ. నువ్వేమన్నా పోలీసువా?”

సంగటి డబ్బా మధ్యలో పెట్టుకుని తింటున్న ఆ ముసలి అన్నాచెల్లెళ్ళను చూడగానే నందితకు ప్రాణం లేచొచ్చింది. వాళ్ళు చెయ్యి కడుక్కోవడమే ఆలస్యం, పిలుచుకొచ్చి కూర్చోబెట్టింది.

“మీ ఇద్దరిదీ ఒకే కేసా తాతా?”

“ఒకటే పాపా. భూమి కేసు. మేమేడ నడిపేది? పిల్లకాయలు నడిపిస్తాండారు. వేలిముద్ర మాత్రం మాది.”

“ఎదురుపార్టీ ఎలాంటివాళ్ళు?”

“మహా మొండి” అన్నాడు తిమ్మప్ప. “ఒక్క వాయిదా తప్పితే ఒట్టు.”

“మొండే. అయినా మనసు మంచిది” అని అక్కమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

పగవాళ్ళను కూడా మెచ్చుకునే గుణం పల్లెల్లో ఇంకా మిగిలి ఉందని నందిత తెగ ముచ్చటపడిపోయింది.

ముందుగా ఒక ఉత్తుత్తి కేసు ఇచ్చి, దాని వాయిదా తేదీ కనుక్కోమంది. అక్కమ్మ అన్న జేబులోంచి కళ్ళద్దాలు లాక్కుని పెట్టుకుంది. ఆమె ఊరు కడత్తూరులో మనవరాలు కంప్యూటరు క్లాసు పాఠాలన్నీ ఇంటికొచ్చి అవ్వ మీదే వల్లెవేస్తుందట. అరవ అక్షరాలు కూడబలుక్కుంటూ రెండుచోట్ల నొక్కింది. తేదీ వచ్చేసింది!

నందితకు ఆమెను ముద్దు పెట్టుకోవాలనిపించింది.

“చూశారా! ఇక మీరు కోర్టుకు రావక్కర్లేదు. వాయిదా మారిందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. బస్సెక్కి ఊరికే వచ్చిపోయే బాధ లేదు.”

అక్కమ్మ చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది.

“పిల్లకాయలు గూడా చూడొచ్చునా?”

“ఎవరైనా చూడొచ్చవ్వా!”

“నా కొడుకు వాకిలి దాటనీడు పాపా. వాయిదా అంటేనే విడుస్తాడు.”

“మా ఊరు అదియమాన్‌కోట్టైలో, మా ఇంట్లోనూ అదే కత” అన్నాడు తిమ్మప్ప, నేల చూస్తూ.

వాడేవాళ్ళు చెప్పేది శ్రద్ధగా వినాలని నందితకు శిక్షణలో నేర్పారు. ఆమె ఎంతో శ్రద్ధగా వింది.

“పాపం! అయితే ఇక హాయిగా ఇంట్లోనే ఉండొచ్చు. ఇప్పుడు మీ సొంత కేసు వెతకండి” అంది.

అంతే. అక్కమ్మకు ఉన్నట్టుండి చూపు మందగించింది. “అక్షరాలు అవుపడలేదే” అంది. నందిత పెద్దవి చేసింది. “మరీ పెద్దగా అయిపోయెనే” అంది. తిమ్మప్ప మౌస్ తీసుకుని, నొక్కడానికి వీలైన ప్రతిచోటా నొక్కి, చివరికి వెబ్‌సైటునే మాయం చేశాడు.

“ఇప్పుడే చేశారు కదవ్వా!” నందితకు ఏడుపొక్కటే తక్కువ.

“అది ఊరోళ్ళ కేసు కదా పాపా. ఇది మా జన్మకు రాదు. మాకే కాదు, ఎవురికీ రాదు. రాసుకో.”

“బాగా రాసుకో” అన్నాడు తిమ్మప్ప. “ఈ పెట్టె మాకొద్దు అని గూడా రాయి.”

నందిత ఉద్యోగాన్ని తలుచుకుని ఒక నిట్టూర్పు విడిచింది. పొద్దుటి నుంచి అందరితో అంటున్న మాటను మొదటిసారి తనే నమ్మింది. తప్పు వెబ్‌సైటుదే. అక్షరాల రంగు మార్చాలి అని రాసుకుంది.

కోర్టు హాలు గుమ్మంలో బంట్రోతు ఏదో కేక వేశాడు. అక్కమ్మ కళ్ళద్దాలు తుడిచి అన్న జేబులో పెట్టింది. తిమ్మప్ప ఆమె చెయ్యి పట్టి లేపాడు. “పైమాసం గూడా అనపగింజలేనా?” అని అడిగాడు. “వాయిదా ఇస్తే కదా” అంది ఆమె. నవ్వుకుంటూ ఇద్దరూ మెల్లగా గుమ్మం దాకా నడిచారు.

బంట్రోతు మళ్ళీ అరిచాడు: “వాది అక్కమ్మా! ప్రతివాది తిమ్మప్పా!”