పక్కచూపు

ఇద్రీస్ హోటల్లో చందర్ మోకాలు తగిలి, బెంచీ మీదున్న గుడ్డి పోతయ్య చేతిలో చాయ్ ఒలికిపోయింది.

"కనబడలేదా బిడ్డా?" అడిగాడు పోతయ్య.

"ఆ మాట నువ్వడుగుతున్నవా?" అన్నాడు చందర్. చుట్టూ ఉన్న డ్రైవర్లు నవ్వారు.

పోతయ్య నవ్వలేదు. "వయసెంత నీకు?"

"ముప్పై."

"పొద్దుగూకితే తొవ్వ మసకైతుందా?"

చందర్ చాయ్ పైసలు బల్ల మీద పడేసి బయటికి నడిచాడు.

టేకులపల్లి అడవి దారిలో బొగ్గు టిప్పర్ నడుపుతాడతను. పోతయ్యది ఏ ఊరో ఎవరికీ తెలియదు. ఎక్కడినుంచో వచ్చి ఆ బెంచీ మీద చేరాడు. చందర్ గొంతు వినబడితే చాలు, ఏదో ఒకటి అడిగేవాడు. తల తిప్పకుండా పక్క అద్దం కనబడుతుందా అని ఒకసారి, మెట్టు కాలికి తగులుతుందా అని ఒకసారి. పోతయ్యకూ అట్లాగే మొదలైందట. చిన్నతనంలోనే రాత్రిచూపు పోయింది. ముప్పైలో పక్కచూపు సన్నగిల్లింది. నలభై దాటేసరికి గొట్టంలోంచి చూసినట్టు ఎదుటిది మాత్రం మిగిలింది. తర్వాత అదీ ఆరిపోయింది.

"బండి దిగు బిడ్డా. ఖమ్మం పోయి చూపించుకో," అని బతిమాలేవాడు.

చందర్‌కి చిరాకు. ఆ చిరాకు కింద భయం. తనకు చిన్నప్పటినుంచీ రాత్రి కనబడదన్న సంగతి తల్లి రామక్కకు ఒక్కదానికే తెలుసు. ఎవరితోనూ అనొద్దని ఆమే ఒట్టు వేయించుకుంది. అందుకే అడిగి మరీ పగటి డ్యూటీలు వేయించుకునేవాడు.

ఒక సాయంత్రం పక్కనుంచి వచ్చిన సైకిలు అతనికి కనబడలేదు. సైకిలు మీది మనిషి కాలవలోకి దూకి బతికాడు.

మర్నాడే కాంట్రాక్టర్ పిలిచి తాళంచెవి లాక్కున్నాడు. నీ కళ్ళు మంచిగ లేవని పోతయ్య వచ్చి చెప్పిపోయాడన్నాడు.

చందర్ నేరుగా హోటల్‌కి వెళ్ళి, పోతయ్యను అంగీ పట్టి బెంచీ మీంచి కిందికి ఈడ్చాడు.

"నీ కండ్లు పోయినయని నా నోట్లె మన్ను కొడ్తవా? మల్ల ఈడ కనబడితే మంచిగుండదు."

పోతయ్య మట్టిలో చెప్పుల కోసం తడుముకున్నాడు. ఒక్కటే దొరికింది. దాంతోనే వెళ్ళిపోయాడు.

ఇంట్లో ఈ సంగతి చెప్పగానే రామక్క అన్నం ముందునుంచి లేచిపోయింది. పని పోయిందన్న బాధేమో అనుకున్నాడు చందర్.

ఏడాది తిరిగేసరికి పట్టపగలే మనుషులను గుద్దుకోసాగాడు. తల్లిని వెంటబెట్టుకుని ఖమ్మం కళ్ళ దవాఖానాకు వెళ్ళాడు.

కంటి వెనకాల పొర ఎండిపోతోందంది డాక్టరమ్మ. తల్లి వైపునుంచి మగపిల్లలకు దిగే జబ్బట. మందు లేదట. ఆ ఇంట్లో ముందు ఎవరికైనా వచ్చి ఉంటే, వాళ్ళకు ఏ వయసులో ఎంత చూపు పోయిందో చూసి, ఇతనికి ఎన్నేళ్ళు మిగిలాయో కొంత అంచనా కట్టవచ్చట. ఆ ఇంటి పిల్లను ఎవరూ చేసుకోరని చాలామంది దాచిపెడతారనీ, తన దగ్గర దాచొద్దనీ మెల్లగా చెప్పింది.

"మా అవ్వగారింట్ల ఎవ్వరూ లేరమ్మా. నేనొక్కదాన్నే," అంది రామక్క.

తిరుగు బస్సులో చందర్‌కి పోతయ్య గుర్తొచ్చాడు. ఈ చీకటి దారి చివరిదాకా నడిచినవాడు అతనొక్కడే. కాళ్ళు పట్టుకునైనా అన్నీ అడగాలనుకున్నాడు. బస్సు దిగి, తల్లిని ఇంటికి పంపి హోటల్‌కి వెళ్ళాడు.

"వానకాలంలనే పానమిడిసిండు. భద్రాచలంల, సత్రంల," అన్నాడు ఇద్రీస్.

కళ్ళు పూర్తిగా ఆరిపోయాక కూడా పోతయ్య ఏటేటా ఆ ఖమ్మం దవాఖానాకే వెళ్ళి పరీక్ష చేయించుకునేవాడట. ఇంకెందుకని ఇద్రీస్ అడిగితే, "నా ఎనక వచ్చెటోనికి అక్కరకొస్తది" అనేవాడట.

చందర్ ఇల్లు చేరేసరికి రామక్క బియ్యం చెరుగుతోంది. పోతయ్య పోయాడని చెప్పాడు.

చేట ఆగింది.

"తలకొరివి ఎవరు పెట్టిన్రట?" అంది.

"ఆయనకెవరున్నరు? సత్రపోళ్ళే కాలవెట్టిన్రట. నీకెందుకే?"

రామక్క కొంగుతో ముఖం కప్పుకుంది.

"మేనల్లుడుండంగ మా అన్న దిక్కులేని పీనుగయ్యిండా."