తోమిన డబ్బా

“డబ్బా మీరే తోమేశారేంటి తాతా?” వంటింట్లోంచి అడిగింది ఆమె.

ఒంటరి ముసలివాళ్ల ఇళ్లకు భోజనం చేర్చే సంస్థలో ఆమె వ్యాను నడుపుతుంది. ఫోను మోగితే తీయడానికే భయపడే స్థితి వచ్చాక పాత ఉద్యోగం మానేసి ఇందులో చేరింది. చేరాకే కంటినిండా నిద్రపోయింది. ఖాళీ డబ్బా కడిగివ్వాలని సంస్థ నియమం. టైలరు తాత చేతులు నొప్పులంటూ ఏనాడూ కడగలేదు. ఆమె సణుగుతూ తోమేది, ఆయన కబుర్లు చెప్పేవాడు.

“ఆఖరి రోజు కూడా నీచేత తోమిస్తే ఏం బాగుంటుంది?”

సంస్థ మూతపడుతోందని ఎలా చెప్పాలో తెలియక ఆమె దారంతా సతమతమైంది.

“మీకెవరు చెప్పారు?”

“పొద్దున మీ ఆఫీసోళ్లు ఫోన్ చేశార్లే. మరి నువ్వేం చేస్తావ్?”

“మళ్లీ ఆ ఉద్యోగమేనేమో. మీ భోజనం?”

“ఏమో.”

“చేతులు నొప్పులన్నారుగా ఇన్నాళ్లూ?”

“అనకపోతే గుమ్మంలోంచే పోయేదానివి.”

ఆమె డబ్బా అందుకుంది. తర్వాత పంపు తిప్పి, దాన్ని మళ్లీ తోమడం మొదలుపెట్టింది.

తాత స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“అడుగున ఇంకా జిడ్డుంది, చూడు.”